సూత్రాల మధ్య ఖాళీలు

వరుసకు మరిది, వృత్తికి ప్రూఫ్‌రీడరు. వరుసల మధ్య చోటు చాలకపోతే ఆ మనిషికి ఊపిరాడదు. అందుకే, వదిన తన లెక్కల సిద్ధాంత గ్రంథంలో అచ్చుతప్పులు దిద్దమని ఫైలు చేతికిస్తే, తప్పులు దిద్ది ఊరుకోలేదు. సూత్రాలు ఇరుకు కొంపలో కాపురం చేస్తున్నాయని జాలిపడి, వాటి వరుసల నడుమ కూడా అక్కడక్కడా ఖాళీ వరుసలు పెట్టి మరీ తిరిగిచ్చాడు.

సాయంత్రం విశ్వవిద్యాలయం ఆఫీసు మూసేలోగా గ్రంథం పంపాలి. ఇవాళ దాటితే మళ్ళీ వచ్చే ఏడే. గడువు పొడిగించడం ఇక తన చేతుల్లో లేదని గైడు పొద్దున్నే ఫోనులో చెప్పేశారు. వదిన మీట నొక్కింది. పేజీలు పేర్చాల్సిన లాటెక్ అనే సాఫ్ట్‌వేర్ మొరాయించింది: డాలర్ గుర్తు కనబడలేదు, నేనే పెట్టుకున్నాను, అంటూ.

"కాసుకు గతిలేని కొంపలో దీనికి డాలర్లు కావాలా?" అన్నాడు మరిది.

వదిన నవ్వలేదు. సూత్రం మొదలూ తుదీ చెప్పే గుర్తది. అలాంటి గుర్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కో సూత్రం తడుముతూ పోయి, ఒకచోట ఆగింది.

"ఈ ఖాళీ నువ్వు పెట్టావా?"

"గాలాడుతుందనీ..." అన్నాడు.

ఖాళీ వరుస కనబడితే లాటెక్ లెక్కలో పేరా ముగిసినట్టే. సూత్రం నట్టనడుమ పేరా ముగిస్తే, పీటల మీంచి పెళ్ళికొడుకు లేచిపోయినంత కంగారు దానికి. చేసిన పాపం తానే కడుక్కుందామని మరిది చొరవ తీసుకుని, ఖాళీ వరుసలన్నిటినీ ఒక్క దెబ్బకు తుడిచేశాడు. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. గ్రంథమంతా ఒకే ఒక్క పేరా అయి కూర్చుంది.

చేసిన మార్పును వెనక్కి తిప్పే మీట నొక్కింది వదిన. పేరాలు తిరిగొచ్చాయి, వాటితోపాటే పాపాలూ.

ఇక ఒక్కొక్కటే చూడాలి. మళ్ళీ తుడుపు జోలికి పోకుండా, సూత్రంలోని ఖాళీ వరుసలో శాతం గుర్తొకటి పెడితే చాలు, లాటెక్‌కు అది ఖాళీ కాదు, అచ్చులోనూ కనబడదు. చిక్కల్లా, వదిన కళ్ళు సూత్రం కనబడగానే చిహ్నాల వెంట పరిగెడతాయి, ఖాళీని చూడవు. మరిదికి చిహ్నాలు ఒక్కటీ తెలియవు కాబట్టి ఖాళీలు తప్ప మరేమీ కనబడవు.

"నువ్వు చూపించు, నేను పెడతా. జోకులు మాత్రం వద్దు."

అతను వేలు చూపించాడు, ఆమె గుర్తు పెట్టింది. నాలుక చివరిదాకా వచ్చిన జోకుల్ని మింగి మింగి అతనికి పొలమారింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే డాలరు గోల. ఆఖరి అధ్యాయంలో ఇంకో ఖాళీ నక్కి ఉంది. గోడ గడియారం వైపు చూడొద్దని ఇద్దరూ అనుకుని, ఇద్దరూ చూశారు.

దానికీ గుర్తు పెట్టాక, ఈసారి పేజీలు జలజలా వచ్చాయి. వదిన పంపింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి, గ్రంథం అందిందని ఒక చిన్న మాట వెలిగింది.

వదిన వేలు ఇంకా మీట మీదే ఉంది. మళ్ళీ పంపేస్తుందేమోనని మరిది లాప్‌టాప్‌ను మెల్లగా తనవైపు లాగాడు. లాగాక, దాన్ని ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.