ఇంటిపేర్లు వేరు

పోయిన వానాకాలం మా బాబీకి జ్వరం కాసింది. జ్వరం తగ్గింది గాని వాడి కాళ్ళు కొయ్యబారాయి, అప్పుడప్పుడే వచ్చిన మాటలూ పోయాయి. అప్పటినుంచి ఆసుపత్రికని నౌపడలో రైలెక్కడం, విశాఖలో దిగడం. నాకు విసుగొచ్చేసింది. తల్లికి విసుగేమిటంటారు. వస్తుంది.

మొదటిసారే డాక్టరమ్మ అడిగింది, మీ ఆలుమగలది రక్తసంబంధమా అని. నేనూ గిరిబాబూ ఒకేసారి కాదన్నాం. అబద్ధమాడలేదు. మా లెక్కలో ఒకే రక్తమంటే ఒకే ఇంటిపేరు. గిరిబాబు మా మేనత్త కొడుకు, ఊహ తెలిసినప్పటినుంచీ నాకు బావ. బావని రక్తసంబంధమని ఎవరంటారు?

ఇంట్లో మా అత్త మరిడమ్మది ఒకటే పాట. నా పుట్టింటి రక్తం చెడ్డదట. పరీక్షలో ఆ సంగతి తేలగానే నన్నూ బాబీనీ పంపేసి, కొడుక్కి వేరే పిల్లని తెస్తుందట. అమ్మ ఉప్పుమడిలో దిగమంటే దిగే మనిషి గిరిబాబు. మా ముగ్గురి రక్తమూ పరీక్షకిచ్చాక నాకు నిద్ర లేదు.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ పిలిచింది. ఆడార్ అని ఒక జన్యువట. ఒంట్లో తయారయ్యే ఆర్‌ఎన్‌ఏలో అక్కడక్కడా అక్షరం దిద్దడం దాని పని. ఆ దిద్దుబాటు సరిగా జరక్కపోతే, ఒళ్ళు తన సొంత సరుకునే పరాయి వైరస్ అనుకుని దానిమీద పడుతుందట. మా ఇద్దరిలోనూ అచ్చంగా ఒకే లోపం ఉందని, రెండువైపులనుంచీ వస్తేనే బిడ్డకి ఈ జబ్బు వస్తుందని చెప్పింది.

నా చేతులు లాగేస్తున్నాయి. "బావా, బాబీని కాసేపు ఎత్తుకో," అన్నాను.

డాక్టరమ్మ తలెత్తింది. "బావా? వరసకా, సొంత మేనత్త కొడుకా?"

"సొంత మేనత్త కొడుకేనమ్మా," అన్నాడు గిరిబాబు. "కానీ మా ఇంటిపేర్లు ఏరు."

ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. తప్పు ఎవరిదని తేలిందో అడిగింది. గిరిబాబు నేలచూపులు చూశాడు. ఇక నేనే చెప్పాను.

"నీనుంచి బావకొచ్చినాది, మా నాన్ననుంచి నాకొచ్చినాది. మీరిద్దరూ ఒక తల్లి పిల్లలే. నా పుట్టిల్లు నీ పుట్టిల్లే కదత్తా, నన్నెక్కడికి పంపుతావు?"

అత్త బాబీని ఒళ్ళోకి తీసుకుని కాళ్ళు ఒత్తుతూ కూర్చుంది. ఇక నన్నెవరూ పంపరు. అయినా గెలిచినట్టు లేదు. ఆవిడ ఎంత ఒత్తినా ఆ కాళ్ళు వంగలేదు.