బెర్తులో ఉన్నవాణ్ణి లేపకూడదు

సత్తియ్యను టార్పాలిన్ మీద పడుకోబెట్టి బుల్లియ్య అతని చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. తల దగ్గర మొదలుపెట్టి, భుజం మీదుగా దిగి, ముడుచుకున్న మోకాళ్ళ చుట్టూ తిప్పి పాదాల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఒకటి వేగం తగ్గించింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. హైవే పక్కన ఒక మనిషి పడి ఉండటం, ఇంకొకడు చుట్టూ గీత గీయటం చూస్తే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే.

"పోలీసులు ఇంకా రాలేదాండీ?" అని కండక్టరు కేకేశాడు.

"శవం కదులుతోంది గానీ, మీరు పదండి," అంది పాక అరుగు మీద దూది ఏకుతున్న బుల్లియ్య భార్య సుబ్బాయమ్మ.

బుల్లియ్య తల ఎత్తలేదు. తణుకు దాటాక హైవే పక్కనున్న ఈ తాటాకు పాకలో ముప్ఫై ఏళ్ళుగా లారీ డ్రైవర్లకు పరుపులు కుడుతున్నాడు. సన్నటి మనిషి. ఎప్పుడూ వంగి పనిచెయ్యడం వల్ల నిలబడినా ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టే ఉంటాడు. దబ్బనం గుచ్చీ గుచ్చీ కుడి బొటనవేలు కాయకట్టింది. జుట్టులో ఎప్పుడూ దూదిపింజలు ఉండేవి కాబట్టి నలభయ్యో ఏటే ముసలివాడిలా కనిపించేవాడు. ఇప్పుడు అరవై దగ్గరపడి జుట్టు నిజంగానే తెల్లబడింది. తేడా ఎవరికీ తెలియలేదు.

"ఎప్పుడూ ఎడమకేనా తిరిగి పడుకునేది?" అని అడిగాడు.

"ఆయ్. కుడికి తిరిగితే ఇంజను వేడి మొహానికి కొడద్దండి," అన్నాడు సత్తియ్య కళ్ళు మూసుకునే.

అప్పటికి పదకొండు దాటింది. 2002 మే నెల, రోహిణీ కార్తె ఎండ. పక్కనే నిలబెట్టిన లారీ కిందినుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. పొద్దున్నే ఆకివీడులో చేపలు ఎక్కించి, వాటి మధ్య ఐసు దట్టించి బయలుదేరిన బండి అది. హౌరా మార్కెట్టు చేరేదాకా ఆగకూడదు. అందుకే ఇద్దరు డ్రైవర్లు. ఒకడు నడుపుతుంటే రెండోవాడు సీటు వెనక అడ్డంగా ఉన్న బల్ల మీద పడుకుంటాడు. ఆ బల్లనే వాళ్ళు బెర్తు అంటారు.

పోయిన ట్రిప్పులో ఉత్త బల్ల మీద నిద్రపట్టక సత్తియ్య తన వంతు వచ్చినప్పుడు స్టీరింగు దగ్గర కునికాడు. ఇచ్ఛాపురం అవతల బండి రోడ్డు దిగి ఒక మైలురాయిని ఒరుసుకుని ఆగింది. రాయికి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. లారీ ఓనరు బంగార్రాజుగారు ఆ సంగతి విని, విజయవాడ నుంచి ఎర్ర రెగ్జిను తొడిగిన స్పాంజి పరుపు తెప్పించి బెర్తు మీద వేయించారు. సత్తియ్య దాని మీద ఆకివీడు నుంచి ఇక్కడిదాకా పడుకొచ్చాడు. లేవబోతే చొక్కా రెగ్జినుకి అతుక్కుపోయి పర్రుమంది. దాంతో అతను బుల్లియ్య పాక ముందు బండి ఆపించి, పీచు పరుపు పడితేగాని కదలనని దిగి కూర్చున్నాడు. రెండో డ్రైవరు దుర్గాసాయి పక్కనున్న టీకొట్టు నుంచి ఓనరుకి ఫోను చేసి, చేసినందుకు తనే భయపడి, టీ చెప్పుకుని కూర్చున్నాడు.

సుద్దగీత పూర్తయ్యేలోపే భీమవరం నుంచి మారుతీ కారు వచ్చి ఆగింది.

"ఏమోయ్ బుల్లియ్యా, నా బండికి నువ్వు స్టే ఇచ్చావంట?" అన్నారు బంగార్రాజుగారు దిగుతూనే.

బుల్లియ్య లేచి చేతులు దులుపుకున్నాడు. స్పాంజి చెమట తాగదని, వేడిని పట్టి ఉంచుతుందని, కొబ్బరి పీచులోంచి గాలి ఆడుతుందని చెప్పాడు. ఆయన లారీ కింద కారుతున్న నీళ్ళ వైపు చూస్తూ విన్నారు.

"రెండింటిదాకా టైము. ఒక్క నిమిషం దాటినా ఆ ఎర్రదే వేసుకుని పోతారు. ఐసు కరిగితే నీ పీచుతో చల్లారుస్తావా?"

ఆ మాట అనేసి ఆయన తణుకులో భోజనానికి వెళ్ళిపోయారు. బుల్లియ్య దబ్బనం తీశాడు.

మూడు గంటల్లో బెర్తు పరుపు ఎప్పుడూ కుట్టలేదు. అయినా ఆయన చేతులకి ఎక్కడలేని హుషారు వచ్చింది. కోనసీమ నుంచి తెచ్చి ఆరబెట్టిన పీచు అడుగున పరిచాడు. గీతలో భుజం దిగిన చోట పల్చగా, నడుం దగ్గర దట్టంగా, మోకాళ్ళ కింద ఇంకాస్త దట్టంగా. దాని మీద సుబ్బాయమ్మ ఏకిన బూరుగు దూది. పైన చారల పరుపుగుడ్డ. పురికొస మైనంలో ముంచి, పరుపు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి లాగి ముడివేస్తున్నాడు. ప్రతి ముడికీ చిన్నగా మూలుగుతాడు. ఆ మూలుగు లేకపోతే ముడి గట్టిగా పడలేదని సుబ్బాయమ్మకి తెలుసు.

కుడుతున్నంతసేపూ సత్తియ్య పక్కన గొంతుక్కూచుని కబుర్లు చెప్పాడు. వాళ్ళది ఉప్పాడ. చేపలు పట్టే కుటుంబం. సముద్రం కోసుకుంటూ వచ్చి వాళ్ళ ఇల్లు రెండుసార్లు మింగేసింది. మూడోసారి కట్టడానికి మనసొప్పక లారీ ఎక్కాడు. నెలకి ఇరవై రోజులు ఈ కేబినులోనే ఉంటాడు. దేవుడి పటం, అద్దం, దువ్వెన, ఇద్దరు ఆడపిల్లల ఫోటో, అన్నీ అందులోనే. అలలు రాని ఇల్లు అదొక్కటే అన్నాడు.

"నిద్రపడితే చాలండి. ఇంకేం వద్దు. లైనులో మాకొక కట్టుబాటుంది. బెర్తులో ఉన్నవాణ్ణి వంతు రాకుండా లేపకూడదు. టోలుగేటైనా, పోలీసైనా, ఓనరు ఫోనైనా సరే. కొట్టుకు చస్తాం గానీ లేపం."

బుల్లియ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా తనని తినేస్తున్న ప్రశ్న ఆ క్షణాన అడగబోయి మానేశాడు.

ఆయనకు నిద్ర పట్టదు. రోడ్డు పక్క పాక. నులక మంచం మీద వాలితే ప్రతి లారీ ఆయన చెవుల మీంచే వెళుతుంది. హారన్ని బట్టి బండిని గుర్తుపడతాడు. ఇందులో ఉన్నది నేను కుట్టిందే, పడుకున్నవాడికి నిద్ర పట్టిందో లేదో, కుదుపుకి పీచు ఒక పక్కకి జరిగిపోయిందేమో. పరుపు పట్టుకెళ్ళినవాడు చిరిగిపోయాక మళ్ళీ కొత్తదానికి వస్తాడేగాని, పడుకున్నప్పుడు ఎలా ఉందో ఎవడూ చెప్పడు. నిద్రపోయినవాడికి ఏం తెలుస్తుంది చెప్పడానికి? పోనీ తనే ఒకసారి ఎక్కి చూద్దామంటే, పరుపులు కుట్టేవాణ్ణి ఎక్కించుకుని తిప్పేవాడెవడు? కదిలే లారీలో ఆయన ఒక్క మైలు కూడా వెళ్ళలేదు.

"లోకమంతా పరుపు, నాకేమో ఈ నులక," అని సుబ్బాయమ్మ రోజూ దెప్పుతూనే ఉంటుంది. ఆమెకి మాత్రం తలగడ తగలగానే నిద్ర పడుతుంది.

ఒకటిన్నరకి పరుపు తయారైంది. బుల్లియ్య దాన్ని భుజాన వేసుకుని లారీ దగ్గరికి నడిచాడు. ఎప్పటిలాగే ముందు చక్రం పక్కన చెప్పులు విడిచాడు. మనిషి తలపెట్టి పడుకునే చోటికి రోడ్డు దుమ్ము తీసుకెళ్ళకూడదని ఆయన పట్టింపు. అవి లారీ టైరు ముక్కతో చేసిన చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే తన పురికొసతోనే కుట్టుకున్నాడు.

కేబినులోకి ఎక్కి, ఎర్ర స్పాంజి లాగి కింద పడేసి, పీచు పరుపు బల్ల మీద పరిచాడు. అది పట్టలేదు.

కాళ్ళ వైపు వెనక మూలలో ఇనప పెట్టె ఒకటి బల్లని తినేసింది. పనిముట్ల కోసం బంగార్రాజుగారు పోయిన వారమే బిగించారట. స్పాంజి మెత్తనిది కాబట్టి దాన్ని ఒత్తుకుని కూర్చుంది. పీచు అలా ఒదగదు. ఇలాంటి బండ్ల బల్ల కొలత బుల్లియ్యకి నోటికి వచ్చు. అందుకే మనిషిని కొలిచాడు గాని బల్లని కొలవలేదు.

దుర్గాసాయి గడియారం చూసుకున్నాడు. మారుతీ కారు వచ్చి టీకొట్టు దగ్గర ఆగింది. ఇంకా ఇరవై ఐదు నిమిషాలు. పరుపు పొడుగు తగ్గించాలంటే సగం కుట్లు విప్పాలి. సత్తియ్య కింద పడి ఉన్న ఎర్ర పరుపుని చూసి తల దించుకున్నాడు.

బుల్లియ్య కేబినులోంచి దూకి టార్పాలిన్ దగ్గరికి పరుగెత్తాడు. సుద్దబొమ్మ ఇంకా అక్కడే ఉంది. కళ్ళద్దాలు సర్దుకుని దాని పాదాల కేసి చూశాడు. ఎడమకి తిరిగి ముడుచుకుని పడుకున్న మనిషి. పాదాలు రెండూ ఇంజను పక్కకే ఉన్నాయి. వెనక మూల ఖాళీ. అక్కడ సత్తియ్య శరీరంలో ఒక్క వేలు కూడా లేదు.

"ఆ మూలొక్కటే కోసేద్దాం," అన్నాడు. "సుబ్బాయీ, రెండో దబ్బనం తియ్యి."

కత్తెర పడింది. మూల తెగి పీచు బయటికొచ్చింది. సుబ్బాయమ్మ ఒక చివరినుంచి, ఆయన రెండో చివరినుంచి మధ్యకి కుట్టుకుంటూ వచ్చారు. ఆమె ఇరవై ఏళ్ళ తర్వాత దబ్బనం పట్టింది. మొగుడి కుట్లు వంకర పోతున్నాయని ఆ తొందరలోనే ఒకసారి ఎత్తి చూపింది. బంగార్రాజుగారు వచ్చి నెత్తిన నిలబడ్డారు. చేతిలో సెల్‌ఫోను మోగుతోంది. అవతల హౌరా వ్యాపారి కాబోలు, బండి రావులపాలెం దాటేసిందని ఆయన అబద్ధం చెప్పారు. చెప్పాక బుల్లియ్య వైపు చూసి, గొంతు తగ్గించి కానియ్యమన్నారు.

రెండింటికి అయిదు నిమిషాలు ఉండగా పరుపు బల్ల మీద అచ్చుపోసినట్టు కూర్చుంది. అది సత్తియ్య అచ్చే మరి. పక్కన చిన్న ఫ్యాను, నీళ్ళసీసాకి గుడ్డసంచీ, ఎదురు బండ్ల వెలుగు కళ్ళలో పడకుండా ముదురు నీలం తెర, అన్నీ అమరాయి. ఇక మిగిలింది ఒక్కటే. కుదుపుకి మనిషి దొర్లి పడకుండా అడ్డంగా కట్టే వెడల్పాటి పట్టీ. దాన్ని మనిషి పడుకుని ఉండగా, బండి కదులుతుండగా బిగిస్తేనే కొలత కుదురుతుంది. ఇన్నేళ్ళూ దాన్ని అంచనా మీదే బిగించి పంపేవాడు.

బంగార్రాజుగారు రెండైందన్నారు.

"పోనివ్వండి. నడుస్తూనే కడతాను. రావులపాలెంలో దిగి బస్సెక్కి వచ్చేస్తా," అన్నాడు బుల్లియ్య. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆయనే నమ్మలేకపోయాడు. చిన్నపిల్లాడిలా గబగబా పైకెక్కేశాడు.

దుర్గాసాయి బండి తీశాడు. సుబ్బాయమ్మ కిందినుంచి ఏదో అంది గాని హారన్‌లో వినపడలేదు.

హైవే ఎక్కాక బుల్లియ్య పట్టీ ఒక కొస మేకుకి తగిలించాడు. రెండో కొస పట్టుకుని సత్తియ్యని పడుకోమన్నాడు. సత్తియ్య ఆ కొస ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

"మీరు పడుకోండి బాబాయ్. నేను లాగి కడతాను. ఎంత బిగువు కావాలో మీకే తెలుస్తది."

బుల్లియ్య పడుకున్నాడు. ఎడమకి తిరిగాడు. మోకాళ్ళు ముడిచాడు. గోతిలో చక్రం పడింది. పీచు కిందికి వెళ్ళి మెల్లగా పైకొచ్చింది, ఎక్కడికీ జరగలేదు. మరో గొయ్యి. నడుం కింద దట్టంగా పెట్టింది పెట్టినట్టే నిలబడింది. వీపుకి ఫ్యాను గాలి తగులుతోంది. ఇంజను చప్పుడు బయట విన్నట్టు లేదు. గోడకి చెవి ఆనించి పక్కింటి మాటలు విన్నట్టుంది. సత్తియ్య పట్టీ లాగి, ఈ బిగువు చాలా అని అడిగాడు.

ఇంకొంచెం వదులు చెయ్యమని చెబుదామనుకున్నాడు బుల్లియ్య. నోరు తెరిచాడు. ఆ మాట సగంలోనే ఉండిపోయింది.

రావులపాలెంలో దుర్గాసాయి బ్రేకు మీద కాలు వేసి వెనక్కి తిరిగాడు. సత్తియ్య పెదవుల మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. దుర్గాసాయి బ్రేకు మీంచి కాలు తీశాడు. లారీ గౌతమి వంతెన ఎక్కింది.

సాయంత్రం అయిదింటికి టీకొట్టు ఫోనుకి అన్నవరం పెట్రోలు బంకు నుంచి పిలుపు వచ్చింది. బస్సులన్నీ చూసి చూసి కళ్ళు కాయలు కాసి ఉన్న సుబ్బాయమ్మ పరుగున వచ్చి రిసీవరు అందుకుంది. అవతల సత్తియ్య తప్పుచేసినవాడిలా, తాము ఆయన్ని లేపలేదనీ, ఐసుతో బండి ఆపడానికి లేదనీ, హౌరా తీసుకెళ్ళి అయిదో రోజుకి తెచ్చి పాక ముందు దింపుతామనీ, తునిలో చెప్పులు కొనిపెడతామనీ, ఆకలికి లోటు రానివ్వమనీ ఒక్క ఊపిరిలో చెప్పాడు.

ఆమె రిసీవరు రెండో చెవికి మార్చుకుంది.

"గురక పెడుతున్నారా?" అని అడిగింది.

"ఇంజను వినపడట్లేదమ్మా."

"అయితే లేపకండి," అని ఫోను పెట్టేసింది.

పాక దగ్గరికి తిరిగివచ్చి టార్పాలిన్ దులపబోయి, సుద్దబొమ్మని చూసి అలాగే వదిలేసింది. లారీ నిలబడిన చోట ఐసు నీళ్ళు ఎండిపోయి చేపల వాసన మిగిలింది. ముందు చక్రం ఉన్న చోట చెప్పులు కనిపించాయి. లోపల పెడదామని వంగింది. మళ్ళీ ఏమనుకుందో, ఆయన దిగేది ఇక్కడే కదా అని వాటిని ముట్టుకోకుండానే లేచింది.

ఏ రాష్ట్రాలు తిరిగి తిరిగి అరిగిపోయాయో తెలియని లారీ టైరు ముక్కలు రెండు, ఎడమదాని పట్టీ మీద మైనం పురికొస కుట్టుతో, ఈసారి తాము లేకుండా ఆయన వెళ్ళిపోయిన రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.