వెనక నుంచి చూసిన గుండె

డాక్టర్ లతీఫా ఈసీజీ కాగితాన్ని తలకిందులు చేసి, వెనక్కి తిప్పి, ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి చూస్తుంటే భారతమ్మ గుండె గుభేలుమంది. ఓరి దేవుడా, ఈ పిల్లకు కాగితం పట్టుకోవడమే రాదు, ఇక వైద్యమేం వస్తుంది!

పొద్దున ఖమ్మం యార్డుకు పోయే బండికి మిర్చి బస్తాలు ఎక్కిస్తూ, వీపులో రెక్కల నడుమ నొప్పి అన్నాడు మొగుడు వెంకటరామారావు. ఒళ్ళంతా చెమటలు. బస్తాలు మోసిన వీపు, పట్టేసిందనే ఎవరైనా అనుకుంటారు. భారతమ్మ బామ్ రాసి, మోకాలితో గట్టిగా అదిమింది కూడా. ఎంతకీ తగ్గకపోతే ఇల్లందులోని ఈ చిన్న దవాఖానాకు లాక్కొచ్చింది.

"ఛాతీల నొప్పే లేదంటున్న గదా! అవతల బండి ఆగదు, నేను పోత," అంటూ అతను చొక్కా అందుకున్నాడు.

భారతమ్మకు ఏదైనా అర్థం కాకపోతే కాలు నిలవదు. "డాక్టరమ్మా, గట్లెందుకు తిప్పి చూస్తున్నవు?" అని అడిగేసింది.

లతీఫా కాగితం ఆమెకు కనబడేలా పట్టుకుంది. "ఛాతీకి అంటించిన ఈ తీగలు గుండెను ముందర నుంచే చూస్తయి పెద్దమ్మా. ఇగో, ఇక్కడ గీత కిందికి కుంగింది. గుండె వెనక గోడకు రక్తం అందకపోతే, ముందర గిట్ల గుంట లెక్క కనబడతది. ఇప్పుడు వెనక నుంచి చూసినట్టు తిప్పుతున్న, చూడు."

భారతమ్మ మెడ సాచింది. గుంట కాస్తా గుట్టయి కూర్చుంది. ఔరా!

"గుట్ట ఉంటే ఏంది?"

"హార్ట్ ఎటాక్. అనుమానం లేకుండ ఇంకోసారి చూద్దాం."

నర్సు తీగలను వీపు మీద, ఎడమ రెక్క కింద అంటించి మళ్ళీ ఈసీజీ తీసింది. ఈసారి కాగితం తిప్పే పని పడలేదు, గీత దానంతటదే పైకి లేచి ఉంది. మూసుకుపోయిన రక్తనాళం ఖమ్మం పెద్ద దవాఖానాలోనే తెరవాలంటూ లతీఫా ఒక మాత్ర నమలమని ఇచ్చి, అంబులెన్సుకు ఫోన్ చేసింది.

"వీపు నొప్పికి అంబులెన్సా? నలుగురు నవ్వుతరు," అన్నాడు వెంకటరామారావు, మాత్ర నములుతూనే.

భారతమ్మకు తిక్క రేగింది. మొదటి కాగితం లాక్కుని, మొగుడి కళ్ళ ముందు అచ్చం డాక్టరులాగే తిప్పింది. "చూసినవా? గిది గుంట, తిప్పితే గిది గుట్ట. దెబ్బంతా వెనక గోడకు తగిలింది. నీకు వీపు నొప్పంటే గుండె నొప్పేనయ్యా! బండి పోతే పోనీ. నువ్వు పోతే నేనేం గావాలె?"

డాక్టరు చెప్తే తలకెక్కనిది పెళ్ళాం చెప్తే ఎక్కినట్టుంది. అతని మొహం పాలిపోయింది. చేతిలోని చొక్కా మంచం మీదికి జారింది.

"భారతీ, భయమైతందే," అన్నాడు మెల్లగా.

"నాక్కూడ," అంది ఆమె. అతను లేవబోతే భుజం పట్టి ఆపి, "నువ్వు నడవకు. వాళ్ళే మోస్తరు," అంటూ పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.