ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీలు

సబాతో పెట్టె మూత లోపలి రబ్బరును స్పిరిట్ గుడ్డతో మూడోసారి తుడుస్తున్నాడు. రెండుసార్లు తుడిస్తే చాలు, కానీ అతని చేతులకు మూడుసార్లు అలవాటు. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దదైన బూడిదరంగు పెట్టె అది. పక్కన చిన్న పచ్చ దీపం. కరెంటు అందుతున్నంతసేపూ ఆ పెట్టె చలిలో వెచ్చబడుతుంది, ఎండలో చల్లబడుతుంది; లోపల ఎప్పుడూ ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీలు, అంటే గేదె కడుపులో ఉండేంత వేడి. సేలే నది ఒడ్డు పాకల్లో డాక్టరమ్మ గేదెల నుంచి సూదితో తీసిన అండాలను అందులో పెట్టుకుని, నలభై కిలోమీటర్లు వ్యాను నడిపి ప్రయోగశాలకు చేర్చడమే అతని ఉద్యోగం. అక్కడ వాటిని దున్నపోతు వీర్యంతో కలిపి, వారం రోజులు పెంచి, నిలిచిన పిండాలను వేరే గేదెల కడుపులో పెడతారు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి మెడ, దాని మీద ఎండకు పడ్డ అడ్డగీతలు, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కా. ముప్పై ఏళ్లలో అతన్ని ఎవరైనా మెచ్చుకున్నారంటే ఒక్క మాటతోనే: "సబాతో చేతిలో పెడితే భయం లేదు."

డాక్టర్ లోరెదానా సూక్ష్మదర్శిని గదిలోంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సబాతో గారూ! ఆరు! పోయిన మంగళవారం మీరు తెచ్చినవాటిలో ఆరు పిండాలు నిలిచాయి! జూన్ నుంచి ఒక్కటంటే ఒక్కటి నిలవలేదు కదా. పోనీ ఎండ తగ్గిందా అంటే నిన్న కూడా నలభై. మరేం మారింది? దారిలో మీరేమైనా వేరుగా చేశారా?"

"లేదమ్మా. ఎప్పటిలాగే."

ఎప్పటిలాగే! ఆ మాట నోట్లోంచి ఊడిపడగానే అతని చెవులు భగ్గుమన్నాయి.

మారింది ఒక్కటే. పోయిన సోమవారం వ్యానులో ఫ్యాను ఆగిపోయింది.

వ్యానులో ఏసీ పాడై రెండేళ్లయింది. ఉన్నది ఒకటే సాకెట్. పెట్టె ప్లగ్ అందులో ఉండాలి. జూన్‌లో ఆ ప్లగ్ పీకేసి చిన్న నీలం ఫ్యాను పెట్టుకున్నాడు. బయట నిప్పులు చెరుగుతుంటే గుడ్లు చల్లబడి చస్తాయా ఏమిటి, వాటికవే వెచ్చగా ఉంటాయిలే అనుకున్నాడు. ముందు సీటు మీద, అద్దంలోంచి ఎండ సూటిగా పడుతుంటే, అవి ఉడికిపోతాయని ముప్పై ఏళ్ల పనివాడికి తెలియదా? తెలుసు. అందుకే ప్రయోగశాల మలుపులో ఆగి మళ్లీ పెట్టె ప్లగ్ పెట్టేవాడు. లోపలికి అడుగు పెట్టేసరికి పచ్చ దీపం బుద్ధిగా వెలుగుతూ ఉండేది. ఫ్యాను ఆగిపోయాకే పెట్టె ప్లగ్ దారి పొడవునా సాకెట్‌లో ఉంది.

నింద ఎండ మీదికి పోయింది. ఎండకు గేదెల కడుపులోనే అండాలు చెడుతున్నాయని లోరెదానా నలభై పేజీలు రాసింది. పాకల్లో నీటి జల్లులు పెట్టించింది. రైతులు తలలూపారు. వాళ్లతో పాటు సబాతో కూడా ఊపాడు.

"ఒక్కటే బాధ," అంది లోరెదానా. "మఫాల్దా గారి గేదె మోనకెల్లా. ఇంకొక్కసారి చూద్దామన్నా ఆవిడ వినలేదు. నాలుగుసార్లు అండాలు తీసి చూశాం, చాలన్నారు. పదకొండింటికి కబేళా లారీ వస్తుందట. మన సామాను అక్కడే ఉంది, తెచ్చేస్తారా?"

పది దాటింది. సబాతో పెట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

దారి పొడవునా ఒకటే అనుకున్నాడు: చెప్పేస్తాను. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. తప్పు నాది, గేదెది కాదు. ఈ రెండు ముక్కలు చాలు, లారీ ఖాళీగా తిరిగిపోతుంది.

భార్య ఒలింపియాకు కూడా రెండు ముక్కలే చెప్పాల్సింది. ఇరవై ఏడేళ్ల కాపురం, పిల్లలు లేరు. లోపం ఆమెదేనని ఊరు తేల్చేసింది. పట్నం డాక్టరు ఇద్దరికీ పరీక్షలు రాస్తే, సబాతో తన చీటీని పర్సులో మడిచి పెట్టుకుని, అది పోయిందన్నాడు. ఆమె ప్రతి మే నెలలో చెప్పుల్లేకుండా కొండ మీది మరియమ్మ గుడికి నడిచేది. అతను వెనకాల నెమ్మదిగా వ్యాను నడిపేవాడు. ఆమె పోయి ఆరేళ్లయింది. చీటీ ఇంకా పర్సులోనే ఉంది.

మఫాల్దా పాక ముందు లారీ అప్పటికే వచ్చి ఉంది. లారీకి ఆనించిన చెక్క పలకను మోనకెల్లా ఎక్కనంటోంది. పద్నాలుగేళ్ల గేదె. బొగ్గునలుపు, వెనక్కి వంగిన కొమ్ముల్లో ఎడమదానికి మొన విరిగింది. తొమ్మిది ఈతల్లోనూ దున్నలే పుట్టాయి. దాని పాలలో ఉన్నంత వెన్న ఆ చుట్టుపక్కల ఏ గేదె పాలలోనూ లేదు. ఒక్క ఆడదూడ కావాలని మఫాల్దా ఆశ. రెండేళ్లుగా చూడి నిలవక, వట్టిపోయి, ఆ ఆశ మీదే అది పాకలో మిగిలింది.

లారీ డ్రైవరు కర్ర ఎత్తాడు.

"ఆ కర్ర దాని మీద పడిందా, నీ చెయ్యి విరుస్తా!" అని అరిచింది మఫాల్దా. డెబ్బై నాలుగేళ్ల ముసలిది, నల్ల ఆప్రాను, చేతులు మాత్రం మగవాడివి. అంతలో సబాతోను చూసి గొంతు తగ్గించింది. "వచ్చావట్రా. చూడు చెమటతో ఎలా కారిపోతున్నావో. నేనిచ్చిన ఫ్యాను ఏం చేశావు?"

అవును, ఆ ఫ్యాను ఆవిడ ఇచ్చిందే. జూన్‌లో అతను చెమటలో మునిగి దిగితే జాలిపడి, సంతలో కొని తెచ్చి, తన చేత్తోనే వ్యానులో బిగించింది.

"ఆగిపోయిందత్తా."

"ఏదీ, ఇలా తే."

తొట్టి గట్టు మీద కూర్చుని ఫ్యాను ఒళ్లో పెట్టుకుంది. జడపిన్ను తీసి రెక్కల వెనక కెలికింది. నల్లటి వెంట్రుకల ఉండ ఒకటి బయటికి వచ్చింది.

"ఇదేరా నీ రోగం. నీ చొక్కాకు అంటుకుని వచ్చినవే. మోనకెల్లావే అయ్యుంటాయి."

"అత్తా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

ఆవిడ రెక్కలను ఒక్కొక్కటిగా ఆప్రాను కొసతో తుడుస్తోంది. చెబితే, నీ గేదె ప్రాణం తీసింది నీ జాలేనని చెప్పినట్టే కదా అనుకున్నాడు. ఆవిడ మనసు కష్టపెట్టకూడదని ఆగాననుకున్నాడు. అబద్ధం. ముప్పై ఏళ్ల ఆ ఒక్క మెప్పు పోతుందని ఆగాడు. ఆ సంగతి అతనికి ఆ క్షణంలోనే తెలుసు.

"ఏం లేదత్తా. ఎండ... మరీ ఎక్కువగా ఉంది."

"ఎండేరా దాన్ని చంపింది," అంది మఫాల్దా.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. "పాలకు పిలిచే బాణీలో పేరు పిలిస్తేనే కదులుతుందది. నాకేమో గొంతు పెగలడం లేదు. మీ నాన్న బాణీ నీకొచ్చుగా, నువ్వు పిలువురా. నిన్ను నమ్ముతుంది."

అతని తండ్రి పాలు పితికేవాడు. మందలో మూడువందల గేదెలున్నా, ఏ గేదె పేరు పాడితే ఆ గేదె ఒక్కటే దారి చేసుకుని వచ్చేది. సబాతో లారీ ఎక్కి, లోపలి చీకట్లో నిలబడ్డాడు. చెప్పడానికి ఇంకా సమయముంది. నోరు తెరిచాడు.

"మో...న...కె...ల్లా... ఓ మోనకెల్లా..."

గేదె చెవులు రిక్కించింది. రెండేళ్లుగా తనను ఎవరూ పాలకు పిలవలేదు. పలక కిర్రుమంటుండగా త్వరత్వరగా ఎక్కి వచ్చి, అలవాటు ప్రకారం పక్కకు తిరిగి, వెనక కాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడింది. పాలు లేని పొదుగు. సబాతో ముంజేతి చెమటను గరుకు నాలుకతో నాకింది. అతను దాని కళ్లలోకి చూడలేక లారీ పక్కనున్న చిన్న తలుపులోంచి దిగిపోయాడు.

లారీ వెళ్లాక సామాను వ్యానులో పెట్టాడు. మఫాల్దా వచ్చి ఫ్యానును పెట్టె పక్కన సీటు మీద పెట్టింది. "తగిలించుకోరా. లేకపోతే ఎండకు నువ్వూ పోతావు," అని పాకలోకి వెళ్లిపోయింది.

గేటు దాటాక సబాతో ఆగాడు. ఖాళీ పెట్టె ప్లగ్‌ను సాకెట్‌లో పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. ఫ్యాను తీసుకుని దిగి, గేటు రాతిస్తంభం మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చి బండి కదిలించాడు.

వేడిగాలికి నీలం రెక్కలు స్తంభం మీద ఒక చుట్టు తిరిగి ఆగాయి. ఇరుసుకు ఇంకా ఒక నల్లటి వెంట్రుక చుట్టుకునే ఉంది.