పదకొండేళ్ళ అనుభవరాహిత్యం

హుకుంపేట దారిలోని డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించే సోంబరును ఏటా జూలైలో నియమించి, ఏప్రిల్‌లో తొలగించేవారు. 1993 నుంచీ ఇదే వరస. ప్రతి ఏడూ ఆయన కొత్త అభ్యర్థిలా దరఖాస్తు పెట్టుకుని, తాను పాఠాలు చెప్పే గదిలోనే నమూనా పాఠం చెప్పి, మళ్ళీ ఎంపిక కావాలి. ఎంపికైతే తన అదృష్టమనీ, ఆలస్యమైతే తన లోపమనీ ఆయన నమ్మేవాడు. ఆ నమ్మకాన్ని పెంచి పోషించినవాడు పర్మినెంటు అధ్యాపకుడు ఫణీంద్ర. విశాఖపట్నం నుంచి వారానికి రెండు రోజులు బస్సులో వచ్చి, "కృషి ఉండాలయ్యా! నన్ను చూడు" అని బోధించి, మిగిలిన రోజుల తన తరగతులు సోంబరుకు అప్పగించి వెళ్ళేవాడు.

2004లో కొత్త నిబంధన వచ్చింది: నిండు సంవత్సరపు అనుభవానికి ఒక మార్కు.

"ఏటి బాబూ, ఈయేడు కూడా పరీచ్చేనా?" అంది అటెండరు తవిటమ్మ, గది తలుపు తీస్తూ. "నీకు పాఠం సెప్పడం వచ్చో రాదో ఈళ్ళకింకా తెల్లేదా?"

లోపల ఎంపిక కమిటీ: ప్రిన్సిపాల్ వరహాలరావు, పక్కన ఫణీంద్ర. పాఠం బాగుందన్నారు. తర్వాత మార్కుల కాగితం ముందుకు జరిపారు. అనుభవం: సున్న.

"పదకొండేళ్ళు చెప్పాను సార్."

"పదేసి నెలలు పదకొండుసార్లు చెప్పావు," అన్నాడు వరహాలరావు. "నిండు సంవత్సరం ఒక్కటీ లేదు. ఇంకో అభ్యర్థి రవిబాబుకు ఉంది, కొండ కింద ప్రైవేటు కాలేజీలో. ఉద్యోగం అతనికే. సంతకం పెట్టు."

"కృషిలో ఎక్కడో లోపం," అని ఫణీంద్ర ఓదార్చాడు.

రవిబాబు వృక్షశాస్త్రం నేర్చుకున్నది ఈ గదిలోనే, సోంబరు దగ్గరే. సోంబరు సంతకం పెట్టలేదు. రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టి రాశాడు: "నేనిక్కడ బోధించలేదని కమిటీ తేల్చినది. కనుక నా వద్ద ఉత్తీర్ణులైన వారందరి డిగ్రీలను, నేడు ఎంపికైన అభ్యర్థి డిగ్రీతో సహా, రద్దుచేయ ప్రార్థన. లేనిచో నా అనుభవాన్ని గుర్తించ ప్రార్థన. ఫణీంద్రగారి తరగతుల హాజరు పట్టీలు కూడా నా చేతిరాతలోనే ఉన్నవి."

"మధ్యలో నేనెందుకయ్యా?"

"మీ కృషీ లెక్కలోకి రావాలి కదా సార్."

"ఇది నేను తీసుకోను," అన్నాడు వరహాలరావు.

సోంబరు రెండు ప్రతులూ పట్టుకుని బయటికి వచ్చాడు. ఆఫీసుకు వచ్చిన కాగితం మీద 'అందినది' అని ముద్ర వేయడం తవిటమ్మ పని. అందులో ఏముందో ఆలోచించడం ఆమె పని కాదని ప్రిన్సిపాలే ఎన్నోసార్లు మందలించాడు.

"ముద్దర ఏసీసినాను బాబూ," అంది ఆమె. "బేగి ఎల్లు, పాడేరులో ఈళ్ళ పై ఆఫీసరు దొరకాలంటే ఈ జీపే ఎక్కాల."