చప్పుడు చెయ్యని సాసేజ్ ముక్క

నాకు చూపు లేదు. నన్ను నడిపించే కుక్క ఆర్కో కొత్తగా వచ్చి మూడు వారాలయింది. ఇవాళ ట్రామ్ ఎక్కుదామని బయల్దేరితే, అది ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డంగా మాంసం కొట్టులోకి లాక్కుపోయింది. దారిలో కారొకటి కీచుమంటూ నా మోకాలి పక్కనే ఆగింది.

జర్మనీలోని మా లైప్‌జిగ్ ఊళ్లో, మాంసం కొట్లలో పిల్లల చేతిలో ఊరికే ఓ సాసేజ్ ముక్క పెట్టడం ఆనవాయితీ. ఆర్కో నోట్లో రోజూ అదే వాసన.

"పనిలో ఉన్న కుక్కకి ఏమీ పెట్టొద్దని మూడుసార్లు చెప్పానుగా!" అన్నాను.

"అయ్యో, చప్పుడు చెయ్యకుండానే పెట్టానే! ఎలా తెలిసింది మీకు?" కొట్టు నడిపే హెడ్విగ్ కిలకిలా నవ్వింది.

"ఇప్పుడే చచ్చేదాన్ని!"

"అలిగావా బంగారం? ఏదీ, ఆ అను."

జిడ్డోడే చల్లటి ముక్క నా పెదాలకు తగిలింది.

నాకు యాభై రెండేళ్లు.