పన్నెండు గళ్లు

ఆ అమ్మాయి నగరానికి వచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులుగా నోరు తెరుచుకుని చూస్తూనే ఉంది. రైలు దిగిన పూట స్టేషన్ ఎదుటి రోడ్డు దాటడానికే అరగంట పట్టింది. బళ్లు ఎప్పటికైనా ఆగుతాయని మర్యాదగా నిలబడింది మరి. చివరికి ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టుకుంటూ దర్జాగా నడిచి వెళ్తుంటే, కోడిపిల్లలా ఆవిడ వెంట పడి అవతలికి చేరింది. చేరాక వెనక్కి తిరిగి చూసుకుని, ఆ రోడ్డు తనే వేయించినంత సంబరపడింది.

హాస్టల్ గదిలో కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో కిటికీ, దాని పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కోదాని వెనక ఒక్కో సంసారం. ఇంతమంది ఒకేసారి నిద్రలేస్తే వీళ్లందరికీ నీళ్లెలా సరిపోతాయా అని ఆలోచిస్తూ కూర్చుని, మొదటిరోజే స్నానం వంతు పోగొట్టుకుంది.

ఆమెది బోర్డులు రాసే పని. మేనమామ దగ్గర పదేళ్లు కుంచె పట్టింది. మందుల కొట్టయినా, సైకిల్ షాపయినా ఆమె రాస్తే అక్షరం గుండ్రంగా, ముద్దుగా ఉండేది. అచ్చేసిన ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని కాస్తా అటకెక్కింది. మావయ్యే ఎవరెవరినో పట్టుకుని, మేడల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసే జట్టులోకి ఆమెను పంపాడు. వారం చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నాడు అక్కడి మేస్త్రీ. వెనక్కి వెళ్తే కుంచె పక్కన పెట్టేసి ఏదో ఒక కొట్టులో సరుకులు కట్టడమే గతి. అది తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

మేడ పద్నాలుగు అంతస్తులు. వెనక గేటులోంచి లోపలికి వచ్చి, లిఫ్టులో పైకెక్కి, డాబా మీంచి తాళ్లకు వేలాడే బల్ల మీదికి దిగాలి. నడుముకు బెల్టు, బెల్టుకు ఇంకో తాడు. మొదటిరోజు బల్ల మీద నిలబడి పక్కకు చూసిందంతే, ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది. ఆమెకు తెలిసిన ఏ ఊరైనా ఎక్కడో ఒకచోట అయిపోతుంది. నీళ్ల ట్యాంకు దాటితే పొలాలు, పొలాలు దాటితే ఏమీ లేదు. ఈ ఊరు అయిపోలేదు. ఎండ పడ్డ కప్పులు, వాటి వెనక కప్పులు, పొగమంచులో కూడా ఇంకా ఏవో కప్పులే. ఇంత ఊరిని మనుషులే కట్టారా అనుకుంది. ఎందుకో తెలియదుగానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

పని పద్ధతి మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. గోడంతా గళ్లు గీసి ఉంటాయి. మేస్త్రీ అసలు బొమ్మకు నకలు తీసి, ఆ నకలును కత్తిరించి ఎవరి ముక్క వాళ్లకిస్తాడు. మొత్తం చూపిస్తే ప్రతివాళ్లూ సొంత తెలివి చూపిస్తారని ఆయన భయం. కాగితం మీద గోరంత గడి, గోడ మీద మనిషంత. ఆమె వంతుకు పన్నెండు వచ్చాయి. గోధుమరంగు పట్టీలు, కొంత నలుపు, ఒకచోట చుక్కంత తెలుపు. అది కొండో, గుడ్డపీలికో, తలకిందులైన పడవో ఆమెకు అంతుపట్టలేదు.

మూడు రోజులు మిగతావాళ్లకు రంగులు కలిపి అందించడమే సరిపోయింది. నాలుగోరోజు పొద్దున తన గళ్లలో మొదటిసారి నలుపు వంపు ఒకటి తిప్పింది. బాగా కుదిరిందనిపించింది. మావయ్య నేర్పిన మొదటి పాఠం, గీత పూర్తవగానే రెండడుగులు వెనక్కి వేసి చూడమని. పదేళ్లుగా ఆ పాఠం బుర్రలోంచి కాళ్లలోకి దిగిపోయింది. ఆ కాళ్లు బల్లని అడగలేదు, ఆమెనీ అడగలేదు. రెండో అడుగు గాలిలో పడింది.

బెల్టు పట్టుకుంది కాబట్టి బతికింది. వెనకున్న కడ్డీ కిందుగా జారి, పదమూడో అంతస్తు కిటికీ ఎదుట గిరగిరా తిరుగుతూ వేలాడింది. లోపల కంప్యూటర్ ముందు కూర్చున్నాయన ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పైకి లాగేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

మేస్త్రీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంచినీళ్లు తాగించి, పక్కన కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"భయమంటే రేపటికి పోతుందమ్మా. అలవాటు పోదు. నీ చెయ్యి మంచిదే, నీ కాళ్లతోనే నాకు భయం. సాయంత్రంలోగా ఆలోచించుకుని చెప్పు, ఉంటావో, ఊరెళ్తావో."

వెళ్లిపోదామనే అనుకుంది. ఆ మాట చెప్పడానికే మావయ్యకు ఫోన్ చేసింది. ఈమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఏమే, ఏం బొమ్మ వేస్తున్నావు?"

"తెలీదు మావయ్యా."

ఆయన పడీ పడీ నవ్వాడు. ఏం వేస్తున్నావో తెలియకుండా వేసేదాన్ని సున్నం కొట్టడం అంటారే పిచ్చిపిల్లా అన్నాడు. ఆమెకు రోషమొచ్చింది. వెళ్లిపోయేలోపు ఒక్కసారైనా ఆ బొమ్మేమిటో చూసి తీరాలనుకుని, మొదటిసారి ముందు గేటులోంచి బయటికి నడిచింది.

గోడ కిందినుంచి చూస్తే రంగు మరకలే. రోడ్డు దాటింది, ఈసారి ఎవరి వెనకా పడకుండానే. అయినా మరకలే. ఇంకో వీధి దాటి, బస్టాపు దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగింది.

ఒక ముసలమ్మ నవ్వుతోంది. పద్నాలుగు అంతస్తుల ముసలమ్మ. బోసినోరు, నుదుటి మీద చెదిరిన జుట్టు, నవ్వుకు ముడతలు పడ్డ చెంపలు. మేడల మధ్య నుంచి ఊరంతటినీ మనవల్ని చూసినట్టు చూస్తోంది. అయితే ఒక్క కన్నుతోనే. రెండో కన్ను ఉండాల్సిన చోట గళ్లు గీసిన తెల్లగోడ, దాని అంచున నల్లటి వంపు ఒకటి, అంతే. ఆ వంపు పొద్దున తను తిప్పిందే.

పక్కన బస్సు కోసం నిలబడ్డ నర్సు ఒకావిడ, ఈమె చేతుల మీది రంగు చూసి దగ్గరికొచ్చింది.

"మీరు అక్కడే పనిచేస్తారా? ఆ రెండో కన్ను ఎప్పుడేస్తారండీ? బస్సులో మేమందరం రోజూ అదే అనుకుంటున్నాం."

ఈ ఊళ్లో ఎవరూ ఎవరినీ చూడరనే నాలుగు రోజులుగా అనుకుంటోంది ఆమె. బస్సులకు బస్సులే చూస్తున్నాయట, తన పన్నెండు గళ్ల కోసం. చూస్తానండీ అని మాత్రం అనగలిగింది. ఆ తర్వాత వచ్చిన దారినే పరుగు లంకించుకుంది.

మేస్త్రీ డాబా మీద ఆమె బెల్టు చుట్టలు చుడుతున్నాడు.

"అది విప్పండి మేస్త్రీగారూ," అంది రొప్పుతూ. "కూర్చుని వేస్తాను. కాళ్లు కిందికి వేలాడేసుకుంటాను, అప్పుడిక వాటికి అడుగెయ్యడానికి ఏమీ ఉండదు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "కూర్చుంటే చెయ్యి సగం గడికే అందుతుంది. బల్లని మాటిమాటికీ దించాలి, ఎత్తాలి. రెండింతలు పడుతుంది."

"పట్టనివ్వండి. ఆవిడ కన్ను ఇంకెవరికీ ఇవ్వకండి."

మేస్త్రీ బెల్టు చుట్టలు విప్పాడు. తనే వంగి ఆమె నడుముకు బెల్టు బిగించాడు. బిగించి, ఎప్పుడూ జేబులోనే దాచుకునే మొత్తం బొమ్మ కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.